పైన ఎవరున్నరు?

ఏడింటిలోపు చెప్పాలి. రెండిట్లో ఒకటి. ఇప్పుడు ఆరూ ఎనిమిది, షేర్ ఆటో గచ్చిబౌలి చౌరస్తా దాటి నాలుగు బారలు కూడా కదల్లేదు, వెనక సీట్లో నలుగురు, ముందు డ్రైవరు కొమురయ్యకు అటొకరు ఇటొకరు, నవనీత ఒక తొడ సీటు మీదా ఒక తొడ గాలిలోనూ పెట్టుకుని కూర్చుంది, ఒళ్లో సంచీ, చేతిలో ఫోను, ఫోనులో పక్క వీధి శివశంకర్ సార్ మెసేజు మూడోసారి వెలిగింది: "ఏది పెట్టమంటారు నవనీత గారూ? డబ్బాలో ఒకదానికే చోటుంది. ఎనిమిదికి నేను బయల్దేరాలండీ." డబ్బా అంటే అరచేతిలో ఇమిడే కంప్యూటరు, మిద్దె మీద టెలిస్కోపు కాలికి పట్టీతో కట్టి ఉంది. ఆ మిద్దె నానక్‌రామ్‌గూడలో వాళ్లు కిరాయికున్న ఇంటిది. ఆ టెలిస్కోపు మూడు నెలల కిందిదాకా సార్‌ది; పుణెకు బదిలీ అని తెలియగానే "నా అటక మీద బూజు పట్టేకంటే శేఖర్ గారి దగ్గర ఉండనివ్వండి" అని ఇచ్చేశాడు, రేపు పొద్దున్నే విమానం. ఇప్పుడాయన మిద్దె మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని చలిలో కూర్చున్నాడు. ఆయనకు రెండంతస్తుల కింద, మంచం మీద, ఆమె మొగుడు శేఖర్ పడుకుని ఉన్నాడు. మంచం మీదినుంచే మిద్దె మీది టెలిస్కోపును తిప్పాలి, చుక్కల ఫోటోలు తియ్యాలి, తీసినవి అతని చేతిలోని ట్యాబులో కనబడాలి. తిప్పేది సాఫ్ట్‌వేరు. ఏ సాఫ్ట్‌వేరో నవనీత చెప్పాలట. ఎందుకంటే శేఖర్‌ను అడిగితే "ఏదైతేంది" అన్నాడు. పదకొండు నెలలుగా ఏమడిగినా అదే మాట.

అన్నం పెట్టనా, రొట్టె చెయ్యనా? ఏదైతేంది. మంచం కిటికీ దిక్కు జరపనా? ఎటైతేంది. తిట్టినా బాగుండును. మునుపు చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేవాడు, ఛాయ్‌లో అల్లమేది, దువ్వెన పెట్టినకాడ ఉండదేంది, ఈ ఇంట్ల మనుషులుంటున్నరా లేకుంటె పిల్లులుంటున్నయా అని. ఆమె కూడా తక్కువ తినలేదు, ఒకటికి రెండు అప్పగించేది, కింది వాటాలోంచి ఇంటి ఓనరు రుక్కమ్మ "మొదలైందా మీ రేడియో" అని అరిచేది. ఇప్పుడా రేడియో లేదు. ఇల్లు దవాఖానలా నెమ్మదిగా ఉంది, నెమ్మది అంత చెడ్డదని పెళ్లయిన పద్నాలుగేళ్లకు తెలిసింది. ఆమెకు చుక్కలతో పనేం లేదు. అతను ఏదో ఒకటి గట్టిగా కోరితే చాలు. అది చుక్కైతేనేం, బెల్లం ముక్కైతేనేం. అలా కోరించే సాఫ్ట్‌వేరు ఏదో ఎవడు చెప్తాడు, ఏ వీడియోలో ఉంటుంది, పదిహేను వీడియోలు చూసింది పన్నెండు వారాల్లో, అందరూ ఎన్ని ఫోటోలు తీస్తుందో చెప్పేవాళ్లే.

మొదటిది తియ్యటిది. ఫోనులో పాట పెట్టుకున్నంత సులువు. చుక్క పేరు మీద వేలు పెడితే టెలిస్కోపు తనంతట తాను తిరుగుతుంది, ఒక ఫోటో తీసుకుని అందులోని చుక్కల్ని తన పటంతో పోల్చి తానెటు చూస్తోందో తానే తెలుసుకుంటుంది, తప్పైతే తానే సర్దుకుంటుంది, మసకగా ఉంటే తానే సవరించుకుంటుంది, మీరు నిద్రపోయి లేచేసరికి బొమ్మ తయారు. మనిషితో పనిలేదు. రెండోది తలా ఒక చెయ్యి వేసి కట్టిన గుడిసెలా ఉంటుంది, దేశదేశాల వాళ్లు రాసి ఊరికే ఇచ్చింది, తెరనిండా మీటలు, అంకెలు, గళ్లు, నడుమ నాలుగు బాణాలు. బాణం నొక్కి పట్టుకున్నంతసేపు తిరుగుతుంది, వేలు తీస్తే ఆగుతుంది. అందులోనూ దానంతటదే తిరిగే ఏర్పాటు ఉందట, కుదుర్చుకోవడం మాత్రం సులువు కాదట. "నాకే రెండేళ్లు పట్టిందండీ" అన్నాడు సార్, సాఫ్ట్‌వేరు రాసి బతికే మనిషి. మరి మంచంలో ఉన్న మనిషికి ఎన్నేళ్లు? ఇంక ఆలోచించేదేముంది, మొదటిదే. పెట్టుమని ఒక్క ముక్క కొడితే అయిపోతుంది. బొటనవేలు తెర మీద నిలబడింది, కొట్టలేదు.

నవనీత పని కూడా ఇదే, తెరలు చూడటం. హైటెక్ సిటీలో ఒక టవరు, దాని రెండో బేస్‌మెంటులో కంట్రోల్ రూము, ఇరవై ఆరంతస్తుల ఏసీలు, నీళ్ల పంపులు, లిఫ్టులు, నిప్పు అలారాలు అన్నీ మూడు తెరల మీద పచ్చగా ఎర్రగా మెరుస్తుంటాయి. ఆ గదికి చీపురు పట్టుకుని వచ్చింది తొమ్మిదేళ్ల కింద. ఊడుస్తూ ఊడుస్తూ చూసి నేర్చుకుంది, ఎవడూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఒక రాత్రి పంపు ఆగి డ్యూటీలో ఉన్నవాడు చెమటలు కక్కుతుంటే చీపురు పక్కన పెట్టి "ఆ మూడోది నొక్కుండ్రి సార్" అన్నది ఆమే. కుర్చీ ఇవ్వడానికి మాత్రం వాళ్లకు ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ కుర్చీ నేర్పిన చదువు ఒక్కటే: అన్నీ ఆటోమేటిక్‌లో పెట్టు, చెయ్యి పెట్టకు. చెయ్యి పెడితే కంప్లైంటు, పెట్టకపోతే జీతం. ఆ చదువే ఇప్పుడు మొదటిది మొదటిది అంటోంది. ఇంకోటి కూడా అంటోంది, దాన్ని దాచడమెందుకు, ఇంతమంది మోచేతుల మధ్య ఎవరికోసం అబద్ధం: ఆమెకు నిద్ర కావాలి. తొమ్మిది గంటల డ్యూటీ, పోను గంటన్నర రాను గంటన్నర, పోయాక వంట, అతన్ని ఒకవైపునుంచి ఒకవైపుకు తిప్పడం, వీపు పుళ్లు పడకుండా పౌడరు, గుడ్డలు. దానంతటదే తిరిగే టెలిస్కోపు ఉంటే ఆ గంట రెండు గంటలు అతను దాంతో, ఆమె దిండుతో. అట్లా అనుకోవడం తప్పా? తప్పైతే కానీ. అలసిపోయిన ఆడమనిషి నిద్ర కోరుకోవడాన్ని తప్పు అన్నవాడెవడో వాణ్ని తెచ్చి ఈ ఆటోలో కూర్చోబెట్టండి.

ఎదురుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్ల నెత్తిన ఎర్ర దీపాలు వెలగడం మొదలైంది. ఎడమవైపునుంచి రెండోది శేఖర్ ఎత్తింది. నలభై రెండంతస్తులు, సలాకలు, సిమెంటు బకెట్లు, అద్దాలు, అన్నీ అతని క్రేను కొక్కేనికి వేలాడి పైకి పోయినవే, గేటు దగ్గర పాలరాతి మీద చెక్కిన పేర్లలో మాత్రం కొబ్బరికాయ కొట్టినవాడి పేరుంది, రాయి పైకెత్తినవాడి పేరు లేదు. నూటయాభై మీటర్ల ఎత్తున గాజు గది, కుర్చీకి అటొక మీట ఇటొక మీట, ఎడమచేత్తో క్రేను చెయ్యి తిప్పాలి, కుడిచేత్తో కొక్కెం దించాలి. వానాకాలం వెనకపట్టిన రోజుల్లో తెల్లవారుజాము స్లాబులు పడుతుంటే పైనుంచి ఫోను చేసేవాడు. "లే, మిద్దె మీదికి పో, పిల్లలకోడి నెత్తిమీదికొచ్చింది చూడు." పిల్లలకోడి అంటే ఆరేడు చుక్కల గుంపు, రెక్కల కింద పిల్లలను పొదువుకున్న కోడిలా ఉంటుందని మక్తల్ దిక్కు అతని తల్లి చూపించిందట. నవనీత కళ్లు నులుముకుంటూ మిద్దెక్కేది. "నాకేం కనబడ్తలేదు, లైట్లే ఉన్నయి." "కనబడయి. మీ నానక్‌రామ్‌గూడోళ్లు భూములతోని చుక్కలు గుడ అమ్ముకున్నరు." "మా తాత అమ్మిన జొన్నచేన్లనే నీ క్రేను నిలవడ్డది, అమ్మకుంటె నీకు పనేడిది?" దుమ్మూ వెలుతురూ కిందే ఉండిపోయే ఆ ఎత్తున అతనికి నిజంగానే అన్నీ కనబడేవట. అంత ఎత్తునుంచి ఏనాడూ జారలేదు. డ్యూటీ దిగి నిచ్చెన దిగుతుంటే కింది మెట్టు ఊడింది, పన్నెండడుగులు. ఎంత ఎత్తునుంచి పడ్డడమ్మా అని అందరూ అడుగుతారు, పన్నెండంటే ఎవరూ నమ్మరు, ఇంకాస్త ఎత్తు చెప్పమన్నట్టు చూస్తారు. నడుం కిందికి స్పర్శ లేదు. చేతులు మాత్రం చెక్కు చెదరలేదు. నిద్రలో ఎడమచెయ్యి దుప్పటి మీద మెల్లగా పక్కకు పోతుంది, కుడిచెయ్యి వేళ్లు కిందికి దిగుతాయి, ఆమె పక్కన మేలుకుని ఎక్కడో ఏదో దింపుతున్నాడని చూస్తూ ఉంటుంది, అది నేలకు తగిలేదాకా కదలదు.

టెలిస్కోపు వచ్చిన రోజు కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మిద్దె మీదికి మోశారు. ఇరుకు మెట్లు, మలుపులో కుర్చీ ఒరిగింది, కింద పట్టుకున్నవాడు "పట్టు, పట్టు" అని అరిచాడు. పైకి చేరాక శేఖర్ ఆకాశం దిక్కు చూడనేలేదు. "ఇంకోపారి నన్ను మొయ్యకుండ్రి. నేను మోసేటోణ్ని" అన్నాడు. అప్పుడే సార్ ఈ కింద పడుకుని తిప్పే ఉపాయం చెప్పాడు, పోయిన ఆదివారం పొద్దుగూకాక ఒకటి తీసేసి ఒకటి, రెండూ పెట్టి చూపించాడు. పైన ఎవరూ లేరు, అందరూ మంచం చుట్టూ. మొదటిదాంట్లో పిల్లలకోడి మీద వేలు పెట్టగానే పైన మోటారు కూసింది, పది నిమిషాల్లో ట్యాబులోకి నీలంగా పొగలాంటి వెలుగు కప్పుకున్న చుక్కలు దిగాయి. "ఏందిరా ఇది, చుక్కలకు నీలిమందు పెట్టిండ్రా" అంది రుక్కమ్మ. శేఖర్ "బాగుంది సార్" అని ట్యాబు తిరిగి ఇచ్చేశాడు. గుడిలో ప్రసాదం తీసుకున్నట్టు తీసుకున్నాడు, అంతే. రెండోది ఇచ్చినప్పుడు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నాడు, బొటనవేళ్లు బాణాల మీదికి పోయాయి, అక్కడ ఆగాయి. "పైన ఎవరున్నరు?" అన్నాడు.

"ఎవరూ లేరండీ, ఫర్వాలేదు, నొక్కండి" అన్నాడు సార్.

"ఎవరు లేకుంటె ఎట్ల నొక్కుత?"

"ఇది టెలిస్కోపండీ శేఖర్ గారూ, ఎవరి నెత్తినా పడదు" అని సార్ నవ్వాడు. నవనీత కూడా నవ్వింది. శేఖర్ నొక్కలేదు. నొక్కనే లేదు. సారే వంగి బాణం నొక్కి పట్టుకున్నాడు, పైన ఏదో పటపటమంది, పోయి చూస్తే రుక్కమ్మ తడిచీర ఆరేసిన తాడుతో సహా గొట్టానికి మూడు చుట్లు చుట్టుకుని ఉంది. "నా చీర కట్టిండ్రు మీ ఫిరంగికి! ఇగ బొట్టు గుడ పెట్టుండ్రి, పేరంటానికి తోల్కపోత" అని రుక్కమ్మ నడుం మీద చేతులేసుకుంది. అందరూ విరగబడి నవ్వారు. కిందికొచ్చి చూస్తే శేఖర్ గోడ దిక్కు తిరిగి ఉన్నాడు. భయపడ్డాడు పాపం అనుకుంది. మళ్లీ యంత్రం ముట్టుకోవాలంటే భయం. రెండోది వద్దే వద్దు, అతనితో ఏమీ నొక్కించకుండా దానంతటదే చేసేదే మేలు. ఆరోజే లెక్క తేల్చేసింది. తేల్చాక మరి ఈ బొటనవేలు ఎందుకు మొరాయిస్తోంది, ఆరూ ముప్పై ఒకటి, ఎందుకు.

ఆటో పూర్తిగా ఆగింది. ముందర ఏదో కొత్త కట్టడం గేటు, సలాకల లోడుతో పెద్ద ట్రైలరు రోడ్డుకు అడ్డంగా నిలబడి వెనక్కి లోపలికి పోతోంది. బైకులవాళ్లు బూతులు మొదలుపెట్టారు. ట్రైలరు వెనక నారింజ రంగు జాకెట్టు వేసుకున్న బక్కపలచని మనిషి ఒకడు చెయ్యెత్తి "ఆనే దో... ఆనే దో... బస్!" అంటున్నాడు, బస్ అనగానే కొండంత బండి ఊపిరి వదిలి ఆగుతోంది. వాడు చక్రం కిందికి వంగి చూసి, లేచి, మళ్లీ ఆనే దో. ట్రైలరు డ్రైవరు తల బయటపెట్టలేదు, ఇంతమంది తిట్లు వినలేదు, అద్దంలో ఆ ఒక్క మనిషినే చూస్తున్నాడు.

"జల్ది జరపొచ్చు కద వాడు, మా టైముకు విలువ లేదా?" అంది పక్కన ఐడీ కార్డు పిల్ల.

కొమురయ్య బీడీ చెవిలో దోపుకుంటూ వెనక్కి తిరిగాడు. "ఎనకున్నోడు చెప్పంది వాడు కదలడు బిడ్డా. కదిలితె ఎవని పానమో పోతది. నీ టైము యాడికి పోతది, ఆడ్నే ఉంటది."

నారాయణప్ప. ఒక్కసారిగా ఆ పేరు వచ్చి కూర్చుంది. క్రేను కింద నిలబడి వాకీటాకీలో శేఖర్‌కు చెప్పే మనిషి. పైనున్నవాడికి కింద ఏముందో కనబడదు, కొక్కెం గోడ అవతల దిగుతుంటే అసలే కనబడదు, ఆ గొంతే కళ్లు. గొంతు రానీ అంటే రావాలి, బస్ అంటే ఆగాలి, గొంతు రాకపోతే వేలు కదపకూడదు, మేనేజరు వచ్చి నెత్తినెక్కినా కదపకూడదు. ఆరేళ్లు ఇద్దరూ రోజుకు పన్నెండు గంటలు మాట్లాడుకున్నారు, తిట్టుకున్నారు, సూటిగా ఎదురెదురుగా కూర్చుంది పది సార్లు ఉండదేమో. దవాఖానలో నారాయణప్ప తలుపు దగ్గర నిలబడి ఏడుస్తూ "శేఖరా" అంటే, శేఖర్ కళ్లు తెరవకుండానే "కింద ఎవరన్న ఉన్నరా అప్పా, జరగమను" అన్నాడు. మందు మత్తనుకున్నారు అందరూ. తర్వాత నారాయణప్ప బెంగళూరు సైటుకు వెళ్లిపోయాడు. గొంతు పోయింది. పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో శేఖర్ తనంతట తాను అడిగిన ప్రశ్న ఒక్కటే ఉంది కదా. పైన ఎవరున్నరు. ఇప్పుడు పైదీ కిందిదీ తారుమారైంది, యంత్రం పైన, అతను కింద, అంతే తేడా. అది భయమా? భయపడ్డవాడు ట్యాబు వదిలేస్తాడు. అతను వేలు మీట మీద పెట్టుకుని, ఒక మనిషి గొంతు కోసం ఆగాడు. పని తెలిసినవాడు ఆగినట్టు ఆగాడు. తాము నవ్వారు. చీర చుట్టుకుంది, అయినా నవ్వారు, అతను చెప్పిందే నిజమని గది నిండా ఒక్కరికీ తట్టలేదు. ఛీ, తొమ్మిదేళ్లు తెరలు చూసి చూసి మనిషి మొహం చదవడం మరిచిపోయిందా తను. మొదటి సాఫ్ట్‌వేరు ఎంత గొప్పదైతేనేం, అది అతన్నేమీ అడగదు. అడగనిదానికి ఏదైతేంది అనేకదా జవాబు.

ఇంకోటి కూడా తెలిసింది. రెండోది పెడితే ఆ గొంతు ఎవరు? రోజూ పొద్దుగూకాక మిద్దె మీద నిలబడేది ఎవరు? నిద్రకు నీళ్లొదులుకోవాలి. ట్రైలరు లోపలికి పోయింది, నారింజ జాకెట్టు మనిషి రోడ్డు మీద సలాకల తుప్పు కాలితో పక్కకు నెట్టి ఆటోలను పొమ్మని చెయ్యూపాడు. నవనీత ఫోను చెవికి పెట్టుకుంది.

"సార్, రెండోది పెట్టుండ్రి."

"రెండోదా? ఆలోచించారా అండీ? మొదటిదైతే మీరు పడుకున్నా దాని పని అది చేసుకుంటుంది. దీనికి ప్రతిసారీ పైన ఒక మనిషి ఉండాలి."

"మనిషి ఉంటది సార్."

"సరేనండీ," అన్నాడు, "అరగంట పడుతుంది."

ఇల్లు చేరేసరికి ఏడున్నర. గదిలోకి తొంగి చూడలేదు, సంచీ భుజానే ఉంది, నేరుగా మిద్దెక్కింది. సార్ వైర్లు చుట్టి, డబ్బా మీద దీపం పచ్చగా మారడం చూపించి, రాత్రికి ముసుగు ఎట్లా కప్పాలో రెండుసార్లు చెప్పాడు. "కిందికెళ్లి ఆయన చేతికి ట్యాబిచ్చి అట్నుంచటే వెళ్లిపోతానండీ. పుణె నుంచి ఫోను చేస్తాను" అని మెట్ల దగ్గర ఆగి, "నేనారోజు నవ్వకుండా ఉండాల్సిందండీ" అన్నాడు. ఆయన దిగిపోయాడు. మిద్దె మీద ఆమే, మూడు కాళ్ల మీద ఆ గొట్టం, చుట్టూ కిటికీల వెలుగు. పది నిమిషాలు ఏమీ జరగలేదు. నొక్కడేమో. గోడ దిక్కు తిరిగాడేమో. చలికి మోచేతులు పట్టుకుని నిలబడింది. అప్పుడు ఫోను మోగింది, తెర మీద శేఖర్ పేరు, దవాఖాన తర్వాత అతను ఎవరికీ చేయని ఫోను, రెండంతస్తుల కిందినుంచి.

"పైన ఎవరున్నరు?"

"నేనే."

"నువ్వా. నీకేం తెలుస్తది?"

"నేర్చుకుంట. చెప్పు."

"అడ్డం ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు, తిప్పు."

"ఏం లేదంటె? చుట్టు తిరిగి చూసినవా? నిలవడ్డకాడ నిలవడి చెప్తున్నవ్. వైర్లు ఏడున్నయి? కిందికి వంగి చేత్తోని పట్టి చూడు. ఏం మనిషివే నువ్వు, సైటు మీదైతె నిన్ను గేటు బయటికి పంపుదురు."

ఆమె వంగింది. నిజంగానే ఒక వైరు టెలిస్కోపు కాలి మరకు పట్టుకుని ఉంది. తీసింది. "ఒకటి పట్టుకున్నది. తీసిన."

"మరి? ఏం లేదంటివి?"

"తప్పైంది, ఇగ చాలు. రానీ."

"గట్టిగ చెప్పు, గాలికి వినబడ్తలేదు."

"రానీ!" పక్క మిద్దె మీద బట్టలు తీస్తున్నవాళ్లు తిరిగి చూశారు. మోటారు సన్నగా మూలిగింది, గొట్టం కదిలింది, చీకట్లో మెల్లమెల్లగా తల తిప్పుతున్న గేదెలా. నవనీత ఆకాశం దిక్కు చూడలేదు, ఆమె కళ్లు గొట్టం మీదా వైరు మీదా ఉన్నాయి, దాని చుట్టూ అడుగులో అడుగేస్తూ రానీ, రానీ అంటూ పోయింది, గొట్టం తోక పిట్టగోడకు జానెడు దూరంలోకి వచ్చింది. "బస్!" మాట పూర్తికాకముందే ఆగింది. జానెడు జానెడుగానే మిగిలింది.

"ఏం కనబడ్తున్నది?" అని అడిగింది.

"ఏం లేదు. నల్లగున్నది." ఆ గొంతులో చిరాకు, అల్లం లేని ఛాయ్ తాగినప్పటి చిరాకు. "మస్తు దాటిపోయిన. కుడి నొక్కితె ఎడమకు పోతున్నది ఇది, పాడుది, ఎవడు రాసిండో."

"అన్నం తిని తిప్పుదువు తియ్యి."

"అన్నం తర్వాత. ఇయ్యాల ఆ పిల్లలకోడి దొరకాలె నాకు. ఆ వైరు చేత్తోని ఎత్తి పట్టుకో, మల్ల తిప్పుత."

నవనీత సంచీ దించి కింద పెట్టింది, ముక్కు భుజానికి రుద్దుకుంది, రెండు చేతులతో వైరు ఎత్తి పట్టుకుంది.

"పట్టుకున్న. రానీ."